దీనబాలుర తండ్రి: యోహాను హిన్రిక్ విహెర్న్ చరిత్రము

డిసెంబరు మాసము సమీపింపగానే జర్మనీ దేశమందలి పట్టణములలో నడివీధులయందును దేవాలయముల ముంగిళ్ళయందును కొయ్యపలకలతో కట్టిన చిన్నచిన్న అంగళ్ళు వెలయును. వీనినే క్రిస్మసు సంతలందురు. అల్లము, తేనె, సుగంధద్రవ్యములు చేర్చి కాల్చిన రొట్టెలు, చక్కెరపాకము పట్టించి వేయించిన బాదముపప్పు, కొయ్యతో చెక్కిన బొమ్మలు, గాజుగోళములు, ఉన్ని మేజోళ్ళు, క్రొవ్వొత్తులు అచ్చట అమ్ముదురు. తెలుగునాటినుండి ఉన్నతవిద్యకై ఆ దేశమునకు పోయిన యువతీయువకులు నేడు పెక్కుమంది కలరు. వారును, వారిని చూడబోవు తలిదండ్రులును, ఏదేనొక నగరమున ఈ సంతను చూడవలెనని ముందునుండియే ఏర్పాటులు చేసికొందురు. బస, రైలు, చలిబట్టలు, ఖర్చు మొదలగువాని లెక్క ముందుగా వేసికొనుట మంచిదే. అయితే చూడబోవు స్థలముయొక్క చరిత్రమును గూడ కొంత తెలిసికొని పోయినచో కన్ను చూచినదానిని మనస్సును చూడగలదు.

ఆ సంతలలోను, ఆ దేశపు ఇండ్లలోను, దేవాలయములలోను తప్పక కనబడు వస్తువొకటి కలదు. అది పచ్చని కొమ్మలు చుట్టి నాలుగు క్రొవ్వొత్తులు నిలిపిన వలయము. దానిని ఆగమనకాలపు మాల యందురు. క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములలో ఒక్కొక్క ఆదివారమున ఒక్కొక్క వత్తిని అదనముగా వెలిగింతురు. దీనిని కొనువారు లక్షలమంది; దీనిని మొదట కల్పించినవానిని ఎరిగినవారు కొందరే. అతడు వర్తకుడు కాడు, చిత్రకారుడు కాడు. దొంగలనియు, తుంటరులనియు లోకము త్రోసివేసిన బాలురకు తండ్రియై నిలిచిన ఒక ఉపాధ్యాయుడు. అతని పేరు యోహాను హిన్రిక్ విహెర్న్. ఆయన నగరము హాంబుర్గు.

సంతయు నగరమును

హాంబుర్గు ఎల్బ నది యొడ్డుననున్న గొప్ప రేవుపట్టణము. అచ్చటి ప్రాచీనమైన శీతకాలపు సంతకు దోమ్ అని పేరు. ఆ మాటకు ప్రధాన దేవాలయమని యర్థము. సంతకు దేవాలయము పేరు వచ్చుటకు కారణము లేకపోలేదు. మధ్యయుగములలో ఆ నగరమున మరియమ్మ పేరిట గొప్ప దేవాలయమొకటి యుండెను. హాంబుర్గు వానకును గాలికిని ప్రసిద్ధి. వాన కురిసినప్పుడెల్ల వర్తకులును, చేతిపనివారును, గారడీవాండ్రును తమ సరకులతో ఆ దేవాలయములోనికే చేరి బేరములు సాగించుచుండిరి. 1334వ సంవత్సరమున ఆర్చిబిషప్పు దీనిని నిషేధించెను. కాని జనుల గోల ఆపజాలక 1337లో వాతావరణము చెడుగానున్నప్పుడు మాత్రము ఉండవచ్చునని సెలవియ్యవలసి వచ్చెను. ఆ దేవాలయము 1804 మొదలు 1807 వరకు పడగొట్టబడెను. కప్పు పోయెను గాని పేరు పోలేదు. సంత నగరమందలి వేర్వేరు బయళ్ళకు చెదరి, 1893 నుండి పరిశుద్ధాత్మ మైదానమను స్థలమున స్థిరపడెను. నేటికిని ప్రతి శీతకాలమున అది అచ్చట జరుగుచున్నది.

ఇట్లు దేవాలయము నేలమట్టమైన మరుసటి ఏట, 1808 ఏప్రిలు 21వ తేదీన విహెర్న్ జన్మించెను. అప్పుడు హాంబుర్గు ఫ్రెంచివారి చేతిలో నుండెను. 1813వ సంవత్సరపు క్రిస్మసు ఆ నగరమునకు మరపురానిది. శత్రుసేనలు నగరమును ముట్టడింప వచ్చుచుండగా, ఫ్రెంచి సేనాధిపతియైన దావూ అనునతడు కొన్ని నెలలకు చాలిన ఆహారము నిలువచేసికొనలేని పేదలు నగరమున ఉండరాదని ఆజ్ఞాపించెను. సరిగా క్రిస్మసు దినములలో వేలకొలది స్త్రీలును, పిల్లలును, వృద్ధులును మంచులోనికి తరిమివేయబడిరి. వారిలో వేయిమందికి పైగా పొరుగూరైన ఆల్టొనా ప్రాంతమున చలికిని రోగమునకును ప్రాణములు విడిచిరి. విహెర్న్ అప్పటికి ఐదేండ్ల బాలుడు. పేదవానికి పండుగనాడును ద్వారము మూయబడగలదను సంగతి ఆయన పుట్టిన నగరము ఆ విధముగా నేర్చుకొనెను.

బాల్యము, విద్య

విహెర్న్ తండ్రి బీదకుటుంబమున పుట్టి, స్వయంకృషిచే పెక్కుభాషలు నేర్చి, న్యాయవ్యవహారపు పత్రములు వ్రాయు నోటరీగాను, భాషాంతరకర్తగాను పనిచేసెను. ఏడుగురు బిడ్డలలో యోహాను హిన్రిక్ పెద్దవాడు. 1823లో తండ్రి గతించెను. కుమారునకప్పటికి పదునైదేండ్లు. తల్లియు, ఆరుగురు తమ్ములును చెల్లెండ్రును ఆ పిల్లవాని వైపు చూచుచుండిరి. అతడు తానింకను చదువుకొనుచునే ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పియు, సంగీతము నేర్పియు ఇల్లు నడపుటలో తల్లికి తోడ్పడెను. తరువాత ఒక వసతి పాఠశాలయందు సహాయోపాధ్యాయుడుగా చేరెను. పగలు పాఠము చెప్పుట, రాత్రి చదువుకొనుట. కొన్ని సంవత్సరములు ఆయన జీవితమిట్లే గడచెను. లేమియన ఎట్లుండునో ఆయనకు పుస్తకములవలన తెలియవలసిన పనిలేకపోయెను.

ఆయన శ్రద్ధను చూచి నగరమందలి కొందరు పెద్దలు విద్యకు ధనసహాయము చేసిరి. వారిలో అమేలియా సీవెకింగు అను దొరసాని ఒకతె. 1831లో హాంబుర్గునకు కలరా వచ్చినప్పుడు ఆసుపత్రిలో రోగులకు స్వయముగా పరిచర్య చేసిన ధైర్యశాలిని ఈమెయే. అట్టివారి సాయముతో విహెర్న్ 1828 మొదలు 1831 వరకు గ్యోటింగెను, బెర్లిను విశ్వవిద్యాలయములలో వేదాంతవిద్య నభ్యసించెను. 1832లో స్వగ్రామమునకు మరలివచ్చి పరీక్షలో నెగ్గెను. అయితే పాదిరి ఉద్యోగము వెంటనే దొరకలేదు. నిరీక్షించుచున్న ఆ కాలమే ఆయన జీవితమునకు మలుపయ్యెను.

ఆదివారపు బడి

హాంబుర్గు గోడల వెలుపల సెంట్ గేయోర్గ్ అను పేట యుండెను. అచ్చటి పాదిరియైన రౌటెన్‌బర్గు గారు పేదపిల్లల కొరకు ఆదివారపు బడి నడపుచుండిరి. విహెర్న్ దానికి ప్రధానోపాధ్యాయుడయ్యెను. మన కాలమున ఆదివారపు బడి యన్న పాటలును వాక్యములును తలపునకు వచ్చును. ఆ బడి యట్టిది కాదు. వారమంతయు పనిచేయు పిల్లలకు, ఏ బడికిని పోజాలని పిల్లలకు అక్షరములు నేర్పుటకు ఆదివారమొక్కటియే మిగిలియుండెను.

కొందరు పిల్లలు ఒకవారము వచ్చి మరువారము కనబడకుండిరి. వారేమైరో తెలిసికొనుటకు ఉపాధ్యాయులు ఇండ్లకు పోవుట నారంభించిరి. ఇక్కడనే విహెర్న్ అసలు విద్య మొదలయ్యెను. నగరమధ్యమున ఒకదానినొకటి ఆనుకొనియున్న ఇరుకు సందులలో, వెలుతురు చొరని గదులలో, ఒక్క గదిలో ఒక కుటుంబమంతయు కాపురముండెను. నేలపై గడ్డియే పడక. తండ్రికి పని లేదు. ఉన్న కూలి సారాయంగడి పాలు. పిల్లలు బిచ్చమెత్తుదురు, దొంగిలింతురు, పట్టుబడుదురు, చెరసాలకు పోయి మరింత చెడి మరలివత్తురు. విహెర్న్ తాను చూచినదానినెల్ల ఇంటివారీగా పుస్తకమున వ్రాసికొనుచు వచ్చెను. వారమునకొక గంట బడిలో చెప్పిన మంచి మాటను మిగిలిన వారమంతయు ఆ సందులు తుడిచివేయుచున్నవని ఆయనకు స్పష్టమయ్యెను. కావున పిల్లవానికి పాఠము చాలదు, ఇల్లు కావలెను అను నిర్ణయమునకు వచ్చెను.

మోటు ఇల్లు

1833 సెప్టెంబరు 12వ తేదీన నగర వర్తకుల సభామందిరమున ఒక బహిరంగసభ జరిగెను. ఇరువదియైదేండ్ల ఆ యువకుడు ధనికులయెదుట నిలిచి తన యాలోచనను వివరించెను. చెడుత్రోవ పట్టిన పిల్లలకు కావలసినది చెరసాల కాదు, సైనికుల వసతివంటి పెద్దశాల కాదు. చిన్నచిన్న కుటుంబములుగా వారు బ్రదుకు ఇండ్లు అని ఆయన వాదించెను. సభవారు సమ్మతించిరి. నగరపు న్యాయాధికారియైన కార్లు సీవెకింగు గారు హార్న్ అను పల్లెలో తమ స్థలమందలి పాత చిన్న ఇంటిని, కొంత భూమిని ఇచ్చిరి. దానికి గడ్డికప్పు; ముందు పెద్ద చెట్టు, ప్రక్కను చెరువు. ఆ ఇంటికి రౌహెస్ హౌస్ అని పేరు. ఆ మాటకు మోటు ఇల్లని యర్థము. పూర్వమందలి యజమానుని పేరు జనుల నోట మారి ఈ రూపము దాల్చెనని చెప్పుదురు.

1833 అక్టోబరు నెలాఖరున విహెర్న్ తన తల్లిని, సోదరిని వెంటబెట్టుకొని ఆ ఇంట ప్రవేశించెను. నవంబరులో మొదటి బాలురు వచ్చిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి వారు పండ్రెండుగురైరి. వారిలో ఒక బాలునిపై పోలీసువారు తొంబదికి పైగా దొంగతనములు వ్రాసికొనియుండిరి. ఇట్టివారిని ఒక వృద్ధురాలును, ఒక యువతియు నున్న ఇంటిలో పెట్టుకొనుట తెలివితక్కువయని తలచినవారు నగరమున లేకపోలేదు. ఇంటిచుట్టు గోడయైనను, కిటికీలకు ఇనుపకమ్ములైనను, తలుపునకు పెద్దతాళమైనను ఉండవలెనని వారి యాలోచన. విహెర్న్ అవి ఏవియు పెట్టలేదు. వచ్చిన ప్రతి బాలునితో గతమంతయు క్షమింపబడినదనియు, దానిని ఇకమీదట ఎవ్వరును ఎత్తరనియు తెలియజెప్పుట ఆ ఇంటి ఆచారము. ప్రేమయే అచ్చటి గోడ. కొందరు పారిపోయిరి కూడ. పారిపోయినవాని కొరకు వెదకుటయే గాని, వానివలన తక్కినవారిని బంధించుట ఆయన యెరుగడు.

అయితే ఈ ప్రేమ సోమరితనమునకు చోటిచ్చునది కాదు. ప్రతివానికిని పని యుండెను. తోటపని, పొలముపని, వడ్రంగము, చెప్పులు కుట్టుట, బట్టలు కుట్టుట, తరువాతి కాలమున అచ్చుపని, పుస్తకములకు అట్టలు కట్టుట మొదలగునవి అచ్చట నేర్పిరి. పని, చదువు, ఆట, ప్రార్థన అను నాలుగింటికిని వేర్వేరు వేళలుండెను. బాలురు పెరిగిన కొలది కొత్త ఇండ్లు లేచెను. 1834లో కట్టిన ఇంటిపనిలో బాలురును చేతులు కలిపిరి. తమ ఇంటిని తామే కట్టుకొన్నవాడు దానినుండి పారిపోవుటకు రెండుమారులు ఆలోచించును గదా. 1835 మొదలు బాలికలను గూడ చేర్చుకొనిరి. ఒక్కొక్క ఇంట సుమారు పండ్రెండుగురు పిల్లలు; వారికి అన్నవలె నుండుటకు ఒక యువకుడు. ఆ యువకులను సహోదరులని పిలిచెడివారు. వారు అచ్చటనే శిక్షణ పొంది, పిమ్మట ఇతర పట్టణములకు పోయి అనాథశాలలలోను, పాఠశాలలలోను, చెరసాలలలోను పరిచర్య చేసిరి. 1835లోనే విహెర్న్ అమాండా బ్యోమె అను కన్యను వివాహమాడెను. ఆదివారపు బడిలో తనతోకూడ బోధించిన ఆమె ఈ పెద్ద కుటుంబమునకు తల్లి యయ్యెను.

బండిచక్రము

హాంబుర్గు ఉత్తరమున నుండుటచే డిసెంబరులో ఉదయము ఎనిమిదిన్నర గంటలకు గాని సూర్యుడు కనబడడు. సాయంకాలము నాలుగు గంటలకే అస్తమించును. నగరమున సంత జరుగుచుండును. కిటికీలలో బొమ్మలు మెరయుచుండును. చేతిలో కాసు లేని పిల్లవానికి అది యంతయు ఇతరుల పండుగయే. క్రిస్మసు ఇంక ఎన్ని దినములున్నదని మోటు ఇంటి పిల్లలు దినదినమును విహెర్న్‌ను అడిగి వేధించుచుండిరని చెప్పుదురు. వెనుకటి జీవితమున వారు ఎదురుచూడదగిన పండుగ ఏదియు లేదు. ఎదురుచూచుటయే వారికి కొత్తవిద్య.

1839లో ఆయన ఒక పాత బండిచక్రమును తెప్పించి, ప్రార్థనశాలలో వ్రేలాడదీయించి, దానిపై క్రొవ్వొత్తులను నిలిపెను. ఆదివారములకు పెద్దవియు తెల్లనివియు నాలుగు. తక్కిన దినములకు చిన్నవియు ఎర్రనివియు ఇరువది. ప్రతిదినము ప్రార్థనవేళ ఒక్కొక్క వత్తిని అదనముగా వెలిగించుచు వచ్చిరి. క్రిస్మసు ముందునాటికి చక్రమంతయు వెలుగుతో నిండెను. చీకటి దినదినము పెరుగు మాసమున గదిలోపలి వెలుగు దినదినము పెరుగుచుండెను. లెక్క రాని చిన్నవాడును తలయెత్తి చూచి, ఆరియున్న వత్తులను ఎంచి, పండుగ ఎంత దూరమున్నదో తెలిసికొనగలిగెను.

గణితమునందు ఆసక్తిగల మన విద్యార్థులు ఇచ్చట ఒక విషయమును గమనింపవచ్చును. 1839లో క్రిస్మసు బుధవారమున వచ్చెను. కావున ఆగమనకాలపు మొదటి ఆదివారము డిసెంబరు 1వ తేదీ. ఆ దినము మొదలు 24వ తేదీ వరకు ఇరువదినాలుగు దినములు; వానిలో ఆదివారములు నాలుగు, తక్కినవి ఇరువది. వత్తుల లెక్క సరిపోయినది. అన్ని సంవత్సరములలోను ఇట్లే యుండదు. క్రిస్మసు సోమవారమైనచో చిన్నవత్తులు పదునెనిమిదియే చాలును. ఆదివారమైనచో ఇరువదినాలుగు కావలెను. పెద్దవత్తులు మాత్రము ఎల్లప్పుడును నాలుగే.

తరువాత 1860 ప్రాంతమున ఆ చక్రమునకు పచ్చని ఫర్ కొమ్మలు చుట్టుట మొదలయ్యెను. చిన్న ఇండ్లలో బండిచక్రము పట్టదు గనుక చిన్నవత్తులు పోయి పెద్దవి నాలుగు మాత్రము నిలిచెను. సహోదరులు పోయిన పట్టణములకెల్ల ఈ ఆచారమును వారివెంట పోయెను. ఇరువదవ శతాబ్దమున రోమను కతోలికులును దీనిని స్వీకరించిరి. నేడు లోకమందలి అనేక దేశముల దేవాలయములలో ఇది వెలుగుచున్నది. వెల పెట్టి కొనలేని పిల్లల కొరకు పుట్టిన వస్తువు నేడు సంతలన్నిటిలో వెలకు దొరకుచున్నది!

విస్తరించిన పరిచర్య

1842 మే మాసమున హాంబుర్గున గొప్ప అగ్నిప్రమాదము సంభవించి నగరమధ్యభాగము చాలవరకు కాలిపోయెను. ఇరువదివేలమంది నిలువనీడ లేనివారైరి. పేదల కష్టము ఇంకను పెరిగెను. 1844 మొదలు విహెర్న్ ఒక పత్రికను నడపి, దేశమందలి పేదల స్థితిని, దానికై జరుగుచున్న పనులను జనులకు తెలియజేసెను. 1848లో సిలీషియా ఎగువభాగమున కరవును, విషజ్వరమును వ్యాపించి వేలమంది పిల్లలు దిక్కులేనివారు కాగా, ఆయన సహోదరులను వెంటబెట్టుకొని అచ్చటికి పోయెను.

ఆ సంవత్సరమే ఐరోపా అంతట విప్లవములు చెలరేగెను. సెప్టెంబరు మాసమున విట్టెన్‌బర్గు పట్టణమున, లూథరు సమాధియున్న కోట దేవాలయములో, ప్రొటెస్టాంటు సంఘముల పెద్దలు సమావేశమైరి. సంఘముల ఐక్యతను గూర్చియే వారి చర్చ. విహెర్న్ లేచి, ముందుగా వ్రాసికొనకయే, గంటకు మించి ప్రసంగించెను. దేశములోపల పేదలు నశించుచుండగా సంఘము చూచుచు ఊరకుండరాదనియు, విశ్వాసమువలెనే ప్రేమయును సంఘమునకు చెందినదనియు ఆయన తెలియజేసెను. ఆ ప్రసంగముచే పెద్దల మనస్సులు కదలెను. దాని ఫలముగా లోపలి పరిచర్యకై కేంద్రసంఘమొకటి ఏర్పడెను. ఆ వృక్షము నేడు డియాకొనీ అను పేర ఆరు లక్షలకు పైగా ఉద్యోగులు గల సేవాసంస్థగా జర్మనీయంతట విస్తరించియున్నది.

ఇచ్చట మన తెలుగుదేశమునకును హాంబుర్గునకును గల సంబంధమును జ్ఞాపకము చేసికొనదగును. 1836లో హాంబుర్గుననే స్థాపింపబడిన ఉత్తర జర్మను మిషను సంఘము వాలెట్ దొరగారిని మన ప్రాంతమునకు పంపగా, ఆయన 1845లో రాజమహేంద్రవరమున పని ప్రారంభించెను. ఆ పని 1850 ప్రాంతమున అమెరికా లూథరను వారికి అప్పగింపబడెను. విహెర్న్ ఆ సంఘముచే పంపబడినవాడు కాడు. ఆయన పొలము ఇంటిముందరిది. కాని ఒకే నగరము, ఒకే దశాబ్దమున, ఒక చేయి గోదావరీతీరమునకును, ఒక చేయి తన సందులలోని పిల్లలకును చాచెనని గుర్తించుట మనకు యుక్తము.

కష్టములు, తుదిదినములు

1857లో ప్రష్యా ప్రభుత్వము విహెర్న్‌ను చెరసాలల సంస్కరణకై బెర్లినునకు పిలిచెను. మరుసటి సంవత్సరము ఆయన అచ్చట యోహానెస్ ష్టిఫ్ట్ అను మరియొక సేవాశాలను స్థాపించెను. మోవాబిట్ చెరసాలలో తాను శిక్షణ ఇచ్చిన సహోదరులను కావలివారిగా నియమింపజేసెను. దీనిని శాసనసభలోను, పండితులలోను పలువురు గట్టిగా ఎదిరించిరి. ప్రభుత్వపు చెరసాలను ఒక మతసహోదరత్వము చేతిలో పెట్టుట తగదని వారి వాదము. ఆయన తలచినదంతయు నెరవేరలేదు.

ఆయన దృష్టికిని హద్దులుండెనని చెప్పుట సత్యము. పేదరికమునకు మూలము భక్తిహీనతయని ఆయన ఎక్కువగా తలచెను. కూలిరేట్లు, యంత్రశాలలు, పనివారి హక్కులు మొదలగు వానిని గూర్చి ఆయన కాలపు ఇతరులు అడిగిన ప్రశ్నలకు ఆయన చాలినంత శ్రద్ధ చూపలేదని తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శలో న్యాయము కలదు. కాని ప్రశ్న అడిగినవారు పెక్కుమందియుండగా, తొంబది దొంగతనములు చేసిన పిల్లవానికి తన ఇంట పడక వేసినవారు కొందరే యుండిరనుటయు సత్యమే.

అధికశ్రమచే ఆయన ఆరోగ్యము చెడెను. రోగకారణమున 1874లో ప్రభుత్వోద్యోగమును విడిచెను. కుమారుడైన యోహానెస్ మోటు ఇంటి భారమును వహించెను. పలు సంవత్సరములు బాధపడి, 1881 ఏప్రిలు 7వ తేదీన విహెర్న్ హాంబుర్గుననే పరలోకగతుడయ్యెను. అప్పటికాయనకు డెబ్బదిమూడవ ఏడు నిండవచ్చుచుండెను.

1943 జూలై మాసమున జరిగిన వైమానిక దాడులలో మోటు ఇంటి కట్టడములలో చాలభాగము కాలిపోయెను. యుద్ధానంతరము అవి తిరిగి కట్టబడెను. నేటికిని అచ్చట బాలురకును, వృద్ధులకును, వికలాంగులకును సేవ జరుగుచున్నది, పాఠశాలయు కలదు.

యాత్రికులకు

హాంబుర్గు సంతను చూడబోవువారు రెండు దినములైనను కేటాయించుకొనవలెను. అచ్చటి సంతలు నవంబరు చివరివారమున తెరచి, క్రిస్మసు ముందుదినముల వరకు సాగును. సాయంకాలము నాలుగు గంటల తరువాత దీపములు వెలుగు వేళ పోవుట మేలు. వానకు తగిన దుస్తులు మరువరాదు. మొదటి దినమున నగరసభామందిరము ఎదుటనున్న సంతను చూచి, అచ్చటనుండి 132 మీటర్ల గోపురముగల మిఖాయేలు దేవాలయమునకు పోవచ్చును. ఆగమనకాలమున అచ్చట విహెర్న్ పద్ధతిలో ఇరువదికి మించిన వత్తులు గల పెద్దచక్రమునే వ్రేలాడదీయుదురు. సంతలో నాలుగు వత్తుల మాలను చూచినవారు దాని తల్లిని ఇచ్చట చూడగలరు.

రెండవ దినమున భూగర్భ రైలెక్కి తూర్పుగా హార్న్ వైపు పోవలెను. ఆ మార్గమున ఒక స్టేషనుకు రౌహెస్ హౌస్ అనియే పేరు. రాజులకును సేనాధిపతులకును స్మారకముగా స్టేషనులకు పేర్లు పెట్టుట లోకమందు సాధారణము. ఒక దీనబాలుర ఇంటి పేరు గల స్టేషను అరుదు. ప్రతిదినము వేలమంది ఆ పేరు వినుచు రైలు దిగుచున్నారు.

ఉపసంహారము

విహెర్న్ చరిత్రమునుండి మనము నేర్వదగినవి పెక్కులు కలవు. విద్యార్థులారా, పదునైదేండ్ల వయస్సున తండ్రిని కోల్పోయి, తమ్ములకును చెల్లెండ్రకును ఆధారమై, చదువును విడువని ఆ బాలుని తలచుకొనుడు. తలిదండ్రులారా, తప్పు చేసిన బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు గతమును ఎత్తకుండుట ఎంత కష్టమో, ఎంత ఫలకరమో ఆలోచింపుడు. బోధకులైన మనకు గూడ ఆయన జీవితమొక ప్రశ్న వేయుచున్నది. హాజరుపట్టీలో పేరు కొట్టివేయబడిన పిల్లవాడు ఏ సందున నున్నాడో తెలిసికొనుటకు మనలో ఎందరు వాని ఇంటికి పోయితిమి? ఆదివారపు బడికి రాని పిల్లలను వెదకుచు పోయినందుననే విహెర్న్ తన జీవితకార్యమును కనుగొనెను.

రాబోవు క్రిస్మసునకు మన పాఠశాలలోను ఒక బండిచక్రము దొరకుట కష్టము కాదు. మన ఊళ్ళలో వానికి కొదువలేదు. వత్తులు వెలిగించుట సులభము. ఒక్కొక్క వత్తి వెలిగిన దినమున, పండుగలో పాలులేని ఒక్కొక్క బిడ్డను వెదకి మన పంక్తిలో కూర్చుండబెట్టుకొనగలిగినచో, ఆ చక్రమును కల్పించినవాని ఉద్దేశము మన నడుమ నెరవేరును.